పెద్దులు దప్పు మోగని రోజు

నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట పోయే సడక్ దిగి, ఎడమచేతి వైపు బండ్లబాటలో రెండు కోసులు నడిస్తే మా తుమ్మలవాయి వస్తుంది. ఆ ఊళ్ళో మేం మూడేళ్ళపాటు ఒక వింత దినం జరుపుకున్నాం. వైశాఖ బహుళ తదియనాడు పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా ఏ చప్పుడూ వినపడకూడదు. మేం దప్పు అనే డప్పు సంగతి సరే, గుడిలో గంట కూడా కొట్టేవాళ్ళం కాదు. గొర్రెల మెడల్లో గంటలకు గడ్డి కుక్కేవాళ్ళం. దానికి మూగదినం అని పేరు పెట్టింది నేనే. అప్పట్లో ఆ పేరు నాకు చాలా గొప్పగా తోచింది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ దినం పెద్దులు పేరు మీద పుట్టింది. పెద్దులు నిరుడు పోయాడు. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నేను రాసేవాణ్ణి కూడా కాదు. బుచ్చయ్యను, నాలుగెకరాల చెలక ఉన్న కాపోణ్ణి, కోపం ముక్కుమీద ఉంటుంది. దొరల మీద, రజాకార్ల మీద కొట్లాడిన సంగం వాళ్ళు పెట్టిన గ్రంథాలయంలో నాలుగు ముక్కలు నేర్చుకున్నాను, అంతే. అయినా ఈ సంగతి నేను రాయకపోతే రాసేవాళ్ళు లేరు. చెప్పగలిగినవాళ్ళు చాలామంది పోయారు, ఉన్నవాళ్ళు చెప్పరు.

పెద్దులు మాదిగవాడలో పుట్టాడు. వాళ్ళ నాయిన, తాత అందరూ దప్పు కొట్టినవాళ్ళే. కానీ పెద్దులు చేతిలో ఏదో ఉండేది. చావు దప్పు కొడితే, పోయింది పండు ముసలివాళ్ళా పడుచువాళ్ళా అన్నది కలుపు తీసే ఆడవాళ్ళకు చేనులోనే తెలిసిపోయేది. బోనాలకు కొడితే అరుగు మీద కూర్చున్న పట్వారీ కాలు కూడా ఆడేది, ఆయన కండువా కప్పుకుని దాచుకునేవాడు. కొట్టేముందు గడ్డిమంట మీద దప్పు కాచి, తోలుకు చెవి ఆనించి వినేవాడు. ఏమంటోంది అని అడిగితే, "జర చలేస్తాందట పటేలా, ఇంకింత కాగనీ" అనేవాడు.

సంగం మా ఊరికి వచ్చిన తరువాత మాకు కొత్త బుద్ధి వచ్చింది. అందరం ఒక్క బంతిలో కూర్చుని గట్క తిన్నాం. 'ఒరే పెద్దులూ' అనే నేను 'పెద్దులన్నా' అనడం నేర్చుకున్నాను. మొదట్లో నా నోరు తిరగలేదు, ఆయనకూ చెవి తిరగలేదు. పిలిచినప్పుడల్లా వెనక్కి చూసేవాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని. రజాకార్ల దాడులు ముదిరిన రోజుల్లో ఊరి నడుమ బురుజు మీద కాపలాకు పెద్దులన్నను పెట్టాం. లారీలు, గుర్రాలు కనపడితే దప్పు కొట్టాలి. అది విని ఊరు ఊరంతా బోడగుట్ట చాటుకు ఉరకాలి.

అపాయం వస్తే కొట్టే పాత దప్పు దెబ్బ ఒకటి ఉండేది, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఒకటే. దాన్ని రజాకార్లు పట్టేశారు. ఒక ఊళ్ళో వాళ్ళే దప్పు కొట్టించి, జనం ఉరికే దారిలో కాపు కాశారు. అందుకని నలభై ఎనిమిది వైశాఖంలో సంగం అన్న ఒకాయన కొత్త దెబ్బ పెట్టమన్నాడు. మా పెద్దులు, గుట్టకు అవతలి ఎర్రకుంటలో దప్పు కొట్టే చెన్నయ్య, ఇద్దరూ ఒక బుధవారం పొద్దున గుట్ట మీద కూర్చుని తొడల మీద చరుచుకుంటూ దాన్ని కట్టారు. ఊరికి వినిపించలేదు. ఊళ్ళో పోలీసులకు కబురు చేరవేసేవాళ్ళు ఉన్నారని అనుమానం. మాకు చెప్పింది ఒక్కటే, ఇదివరకు ఎన్నడూ వినని దెబ్బ వినపడితే ఆలోచించకుండా ఉరకండి అని. ఆ సంగం అన్న వారం తిరక్కుండానే తుపాకీ దెబ్బకు పోయాడు.

రజాకార్లు వచ్చింది ఆ శుక్రవారమే. ఆ రోజు ఏం జరిగిందో మూడేళ్ళపాటు నేను పదిమందికీ ఇలా చెప్పేవాణ్ణి.

పొద్దున్నే బాయికాడ మోట కొడుతున్నాను. నా భార్య సత్తెమ్మ మిరప మడికి నీళ్ళు మళ్ళిస్తోంది. ఎడ్లు వెనక్కి నడుస్తుంటే గిలక కిర్రుమంటోంది. తల ఎత్తితే ఊరిమీద పొగ. ఏ చప్పుడూ లేదు, దప్పు లేదు, ఏమీ లేదు. ఎడ్లను వదిలేసి పరిగెత్తాం. మేం చేరేసరికి లారీలు వెళ్ళిపోయాయి. ముప్పై ఇళ్ళు కాలుతున్నాయి, అందులో మాదీ ఒకటి. ఐదుగురిని ఎక్కడివాళ్ళను అక్కడే తుపాకులతో కాల్చి చంపారు. చూపు లేని బాలమ్మ, పక్షవాతంతో పడి ఉన్న దుర్గయ్య తాత, మంచాన ఉన్న మరో ఇద్దరు ముసలివాళ్ళు, ఉగాది పండుగనాడు జారిపడి తుంటి విరిగిన మా అమ్మ గుర్వమ్మ. అమ్మ పాడె నేనే మోశాను. రెండు రోజులు కుడి భుజం లేవలేదు.

పెద్దులు బురుజు కింద పడి ఉన్నాడు. తల వెనక పగిలి రక్తం కారుతోంది, తెలివి లేదు. వీపు కింద దప్పు, తోలు చిరిగిపోయి. బురుజు మెట్ల మీద కల్లుముంత దొర్లి ఉంది.

మరునాడు పొద్దున ఊరంతా చావడి ముందు చేరాం. పెద్దులు తలకు గుడ్డ చుట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు.  ఒకరి మొహం ఒకరు చూడటం లేదు. నేనే లేచాను.

"ఒరే పెద్దులూ! నీ దప్పు ఏమైందిరా?" అన్నాను.

అన్న అనే మాట నా నోటి నుంచి ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియదు. పెద్దులు తల తడుముకున్నాడు. "నాకేం యాదికి లేదు పటేలా. బురుజెక్కింది యాదికుంది. గంతే."

"తాగి పండుకుంటే ఏం యాదికుంటది?" అన్నాను. వెంటనే ఒకడు, "నేనైతే దప్పు ఇనలే" అన్నాడు. ఇంకొకామె "నేనూ ఇనలే" అన్నది. ఆ మాట చావడి అరుగు నుంచి చివరిదాకా పాకిపోయింది. మధ్యాహ్నానికి నూట నలభై ఇళ్ళలో దప్పు విన్న మనిషి లేడు. ఏమని చెప్పను, అప్పుడు మా అందరికీ ప్రాణం తేలికపడింది. నాకు బాగా గుర్తుంది ఆ తేలిక. గుర్తుంది అని రాస్తున్నాను గానీ, ఈ మాట మీద ఇప్పుడు నాకు నమ్మకం లేదు.

ఆ తరువాత పెద్దులు బతుకు చూడండి. మొదటివారం "యాదికి లేదు" అన్నాడు. నెల తిరిగేసరికి "పండుకున్ననేమో" అన్నాడు. వానలు పడేసరికి "పండుకున్న పటేలా, తప్పయింది" అన్నాడు. భాద్రపదంలో పోలీసు యాక్షన్ వచ్చింది. సడక్ మీద మిలిటరీ లారీలు బారులు తీరి హైదరాబాదుకు పోతుంటే మేమంతా పూలు పట్టుకుని ఉరికాం. పక్క ఊళ్ళ దప్పులు ఆకాశం పగిలేటట్టు మోగాయి. మా ఊరివాళ్ళం పెద్దులును పిలవలేదు. ఆయన దప్పు అప్పటికే దూలానికి వేలాడుతోంది, చిరిగిన తోలుతో. పెళ్ళయినా చావయినా మేం వేరే ఊరి నుంచి దప్పు పిలిపించుకున్నాం. పెద్దులు చెప్పులు కుట్టి, మోట తిత్తులు కుట్టి బతికాడు. వాళ్ళ వాడలో కూడా ఆయన పక్కన కూర్చునేవాళ్ళు తగ్గారు. ఐదుగురిలో ఒకరు వాళ్ళ వాడ మనిషే.

మిలిటరీ వాళ్ళు సంగం వాళ్ళ మీద పడ్డారు. నేను పద్నాలుగు నెలలు నల్లగొండ జైల్లో ఉండి వచ్చాను. వచ్చాక ఒకరోజు నా తిత్తి కుట్టించుకుంటూ పెద్దులు ముందు కూర్చున్నాను. అడగకుండానే చెప్పాడు.

"గా దినం కల పడ్డది పటేలా. మా అవ్వ కలలకొచ్చింది. ఉడుకుడుకు జొన్నరొట్టె, చింతతొక్కు పెట్టింది. తొక్కుల ఉప్పెక్కువైంది. ఉప్పెక్కువైందే అవ్వా అన్న. అవ్వ నవ్వింది. గంతల్నే మీరొచ్చి లేపిండ్రు."

దారం పంటితో తెంపి, వాళ్ళమ్మ చేతి ఉప్పు ఇంకా నాలుక మీద ఉందన్నాడు. ఆయన కళ్ళు తడిశాయి. నాకు జాలి కలగలేదు. మా అమ్మ పోతుంటే వీడు కలలో రొట్టె తిన్నాడా అని ఒళ్ళు మండింది. తిత్తి తీసుకుని వచ్చేశాను. ప్రతి ఏడూ మూగదినం నాడు ఐదుగురి పేర్లు చెక్కిన రాయి ముందు పెద్దులు పొద్దుపొడుపు నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చునేవాడు. మేం అటూ ఇటూ పోతూ చూసేవాళ్ళం. కూర్చోవాల్సిందే అనుకునేవాళ్ళం.

ఇలా మూడేళ్ళు దాటాయి. పోరాటం ఆగిపోయిందన్న వార్త వచ్చింది. అడవుల్లో ఉన్నవాళ్ళు, సరిహద్దు దాటి బెజవాడ వైపు పారిపోయినవాళ్ళు ఒక్కొక్కరే ఇల్లు చేరుతున్నారు. ఎర్రకుంట ఇరవై రెండు ఇళ్ళ ఊరు. ఆ శుక్రవారమే ఊరంతా లేచి, రజాకార్లకు పట్టులేని మునగాల వైపు పోయింది. రజాకార్లు ఖాళీ ఊరును తగలబెట్టారు. చెన్నయ్యా ఆ ఊరివాళ్ళూ అటునుంచి అటే బెజవాడ దాటి కూలికి పోయి, పోరాటం ఆగాకే తిరిగొచ్చారు. వచ్చిన నెలలోపే, మార్గశిరంలో, చెన్నయ్య పెద్దులు బిడ్డ బిక్షమ్మను తన కొడుక్కి అడగడానికి మా ఊరు వచ్చాడు.

మాటలకు ఊరి పెద్దలు ఉండాలి కాబట్టి చావడి ముందే కూర్చున్నాం. నేను పక్కన నిలిపిన బండి పలక మీద కూర్చున్నాను. ఆడవాళ్ళు వేపచెట్టు కింద ఉన్నారు. చెన్నయ్య సన్నటి మనిషి, భుజాన దప్పు, చంకలో చుట్టిన కొత్త మేకతోలు. వస్తూనే ఆ తోలు పెద్దులు కాళ్ళ ముందు పెట్టి, వంగి మొక్కాడు.

"మా ఊరంత నీ చేతులకు మొక్కమన్నది అన్నా. నీ దప్పు ఇనే గద మేం బతికినం."

పెద్దులు కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "నా దప్పు యాడ మోగింది చెన్నా? పండుకున్న నేను."

చెన్నయ్య నవ్వాడు. పెద్దరికానికి అలా అంటున్నాడనుకున్నాడు. మా వైపు చూశాడు, మేమూ నవ్వుతామని. ఎవరూ నవ్వలేదు. నేను అందుకున్నాను.

"దప్పు మోగలే చెన్నయ్యా. మా ఐదుగురు గందుకే పోయిండ్రు. ఊరందరికి ఎరుకే."

"మోగకుంటే మీరందరు ఎట్ల బతికిండ్రు పటేలా?" అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగాడు. మూడేళ్ళలో మాలో ఒక్కరికీ తట్టని ప్రశ్న. నూట నలభై ఇళ్ళ జనం. లారీల నిండా తుపాకులు. పోయింది ఐదుగురు. ఆ ఐదుగురూ నడవలేనివాళ్ళు. నడవగలిగినవాళ్ళలో, పెద్దులు తప్ప, ఒక్కరికీ గాయం కూడా కాలేదు. 

"మేం చేన్ల ఉంటిమి" అన్నాడొకడు. "కట్టెలకు పోయినం" అన్నది ఒకామె. చెన్నయ్య అందరి మాటా విని తల ఊపాడు. "మీ దప్పు ఇని మేం తలుపులు గూడ ఏయకుంట ఉరికినం. మా అవ్వకు రెండు కాళ్ళు రావు. బుజాన ఏసుకొని గుట్టెక్కిన. గుట్ట మీద ఒక్క నిమిషం ఆగి దమ్ము తీసుకుంటుంటే గూడ నీ చెయ్యి ఆగలే అన్నా. గంత సేపు కొట్టినవ్."

"నేను బాయికాడ మోట కొడుతున్న. చప్పుడు లేదు" అన్నాను, గట్టిగానే.

వేపచెట్టు కింద నుంచి సత్తెమ్మ గొంతు వినిపించింది. నాతో అన్నట్టు లేదు, తనలో తాను అనుకున్నట్టుంది. "గా యేడు మన బాయిల నీళ్ళెక్కడియి?"

అందరూ ఆమె వైపు తిరిగారు. సత్తెమ్మ మొహం పాలిపోయింది. "ఫాల్గుణంలనే ఎండింది గద బాయి. ఎడ్లను గూడ పండుగ ముందే రజాకార్లు తోలుకపోయిరి. మోట ఎట్ల కొడ్తవ్?"

"నోర్మూసుకో" అన్నాను. అన్నాను గానీ నా నోరే ఎండిపోయింది. బాయి ఎండింది నిజం. ఎడ్లు పోయింది నిజం. గిలక కిర్రుమనడం నా చెవిలో ఇంకా వినపడుతోంది. ఎడ్ల వీపుల మీద చెమట కనపడుతోంది. ఎవరి ఎడ్లు అవి?

చెన్నయ్యకు మా మొహాలు చూసి ఏం అర్థమైందో గానీ, లేచి నాలుగు గడ్డిపరకలు అంటించి దప్పు కాచాడు. "అన్నా, నువ్ కొట్టలేదంటున్నవ్. జర ఇను. యాదికొస్తది" అన్నాడు. కుడిచేతి చిర్రపుల్ల ఎత్తి కొట్టడం మొదలుపెట్టాడు.

అది మేమెప్పుడూ వినని దెబ్బ. వినని దెబ్బే అయి ఉండాలి. బుధవారం కట్టింది, శుక్రవారానికి తప్ప మరి దేనికీ వాడనిది. సన్నగా, తెంపు లేకుండా, వడగళ్ళు పడ్డట్టు మొదలైంది. క్రమంగా దగ్గరగా, గట్టిగా వచ్చింది. వేపచెట్టు కింద ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎందుకు లేచారో వాళ్ళకే తెలియదు. ఒకామె పక్కనున్న మనవరాలిని ఎత్తి చంకన వేసుకుంది. చెన్నయ్య చటుక్కున ఆపాడు. చప్పుడు లేదు.

ఆ చప్పుడు లేని చోట నా పిడికిలి బండి పలక మీద మూడుసార్లు పడింది. ధన్. ధన్. ధన్.

నేను కొట్టలేదు. నా చెయ్యి కొట్టింది. అందరూ నా చేతి వైపు చూశారు, నేను కూడా చూశాను.

చెన్నయ్య చిర్ర దించాడు. చాలా మెల్లగా అన్నాడు. "ఏ ఊరి మీదికి వచ్చిండ్రో తెల్వాలని ఆఖర్న లెక్క పెట్టుకున్నం. మా ఊరిది రెండు దెబ్బలు, మీ ఊరిది మూడు. గిది నాకు, పెద్దులన్నకు, సచ్చిపోయిన సంగం అన్నకు తప్ప ఎవలకు తెల్వదు. నీకెట్ల తెలిసింది పటేలా?"

 చావడి ముందు ఎనభై మంది ఉంటాం. ఒక్కరూ తల ఎత్తలేదు. మాలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, అది రాయాలి. ఎవరూ కూడబలుక్కోలేదు. మూడేళ్ళపాటు ఒట్టు పెట్టమన్నా పెట్టేవాళ్ళం. విన్నదాన్ని వినలేదని నమ్మేసింది, ఊరు ఊరంతా కలిసి, మనసారా. తాగి పండుకున్నవాడికి తల వెనక ఎవరు కొట్టారని కూడా ఎవరూ అడగలేదు.

నేను పెద్దులు మొహం చూశాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. ఆయన గోడకు ఆనుకుని, భయంతో బిగుసుకుపోయి ఉన్నాడు.

"నేను కొడితే మరి గా నిద్ర ఎవలది?" అన్నాడు. "మా అవ్వ రొట్టె పెట్టింది గద. ఉప్పెక్కువైంది గద. గదంత ఎవలది పటేలా?"

చెన్నయ్య దప్పు కిందపెట్టి ఆయన పక్కన కూర్చున్నాడు. 

ఇంటికి వచ్చాక సత్తెమ్మ గడపలోనే కూర్చుండిపోయింది. "ఇల్లు మొత్తం కాలింది గద" అన్నది. "మల్ల మృగశిరలో జొన్నలు అలికినం. గా యిత్తులు యాడియి?"

నా చెయ్యి కుడి భుజం మీదికి పోయింది.

"యిత్తుల మూట నేనే ఎత్తిన నీ బుజానికి" అన్నది. "నాకు ఇయ్యాల్టిదాక యాదిల లేదు. చెన్నయ్య అవ్వను బుజాన ఏసుకున్న అనంగనే నా చేతులకు బరువు తగిలింది." అని రెండు చేతులూ ముందుకు చాపి వాటిని చూసుకుంటూ ఏడ్చింది.

నా కుడి భుజం ఎందుకు లేవలేదో అప్పుడు తెలిసింది. పాడె మోసి కాదు. అమ్మ పాడె ఏం బరువు? అమ్మ అప్పటికే ఎముకల గూడు. విత్తనాల మూట కంటే తక్కువే తూగేది.

ఇక పెద్దులు సంగతి. మరునాటి నుంచి ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. గడప బయట నిలబడి ఒకటే అడిగాడు, "నా దప్పు ఇన్నరా?" అని. ఊరు ఒక్క రోజులో మంచిదైపోయింది. "కొట్టినవట పెద్దులన్నా, తప్పయింది" అన్నారు. కూర్చోబెట్టి చాయ్ పోశారు. ఈసారి బోనాలకు నీ దప్పే అన్నారు. కానీ 'ఇన్న' అన్నవాళ్ళు ఒక్కరు లేరు. కొట్టినవట, మోగిందట, చెన్నయ్య చెప్పిండు గద. విన్నానంటే తరువాతి ప్రశ్న ఒకటి ఉంటుంది. విని ఎవరిని వదిలేసి ఉరికావు? వదిలేసింది ఆ ఐదుగురి ఇంటివాళ్ళే కాదు, పక్క ఇళ్ళవాళ్ళున్నారు, మేనల్లుళ్ళున్నారు, రోజూ పలకరించిపోయేవాళ్ళున్నారు. నా గడప ముందు పెద్దులు నిలబడితే నేను పెరటి దారిన చెలకకు పోయాను.

మాఘంలో బిక్షమ్మ లగ్గం. ఎదురుకోలుకు ఆడపిల్ల వాళ్ళ దప్పు ఊరి పొలిమేరదాకా పోయి పెళ్ళికొడుకు వాళ్ళను తీసుకురావాలి. ఎర్రకుంట వాళ్ళు పొద్దున్నే వచ్చి పొలిమేర రాయి దగ్గర నిలబడ్డారు. పెద్దులన్న దప్పు వస్తేనే అడుగు పెడతామన్నారు. పెద్దులు కొత్త తోలు బిగించిన దప్పు ఒళ్ళో పెట్టుకుని ఇంట్లోనే కూర్చున్నాడు. "నా యాదిలనైతే నేను పండుకున్న. ఇన్నమని ఒక్కరన్న అంటే లేస్త. అననోళ్ళ ఊర్ల దొంగ దప్పు కొట్ట" అన్నాడు. ఎండ ఎక్కుతోంది. పసుపు బట్టలో బిక్షమ్మ గుంజ పట్టుకుని నిలబడింది.

ఆయన భార్య మైసమ్మ నా ఇంటికి వచ్చింది. దాడి నాడు బిడ్డను తీసుకుని పుట్టింట్లో ఉన్న మనిషి. ఊరు చెప్పిందే నమ్మి మూడేళ్ళు మొగుణ్ణి తిట్టిన మనిషి. మా వాకిట్లో నిలబడి వాడంతా వినపడేటట్టు అరిచింది.

"పటేలా! మా ఆయన నోట్ల నిద్ర పెట్టింది నువ్వు. నువ్వే వచ్చి తియ్యి!"

సత్తెమ్మ నా చెయ్యి పట్టి లేపింది. మాదిగవాడలోకి నేను ఎలా నడిచానో తెలియదు. దారి పొడుగునా మనుషులు వెంట వచ్చారు. పెద్దులు ముందు కూర్చున్నాను. ఆయన నన్ను చూడలేదు, దప్పును చూస్తున్నాడు.

"పెద్దులన్నా, ఇన్న" అన్నాను.

గుంపులో ఎవరో ఏదో అనబోయి ఆగిపోయారు.

"అమ్మ మంచం పక్కన నిలబడి ఇన్న. సాంతం ఇన్న, మూడు దెబ్బలు పడేదాక. అమ్మ గూడ ఇన్నది. 'గిదేం దప్పురా, కొత్తగుంది' అన్నది. నేను యిత్తుల మూట ఎత్తుకున్న. అమ్మను ఎత్తుకోలే. నువ్ కొట్టినవ్, మేం ఇన్నం, ఇడిసిపెట్టి ఉరికినం. మల్లొచ్చి నీ మీద ఏసినం."

 పెద్దులు నా కుడి భుజం మీద చెయ్యి వేసి, దాన్ని ఆసరా చేసుకుని లేచాడు. గడ్డి అంటించి దప్పు కాచాడు. తోలుకు చెవి ఆనించాడు. ఏమంటోందని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. పెళ్ళి దెబ్బ కొట్టుకుంటూ పొలిమేర వైపు నడిచాడు. ఊరంతా తలలు వంచుకుని వెంట నడిచింది.

ఆ ఏడాది నుంచి మా ఊళ్ళో మూగదినం లేదు. వైశాఖ బహుళ తదియనాడు ఐదుగురి రాయి ముందు పెద్దులు ఆ దెబ్బ కొట్టేవాడు, పోయేదాకా కొట్టాడు. పోయేముందు నేను చూడబోతే, నిద్ర మాత్రం ఇంకా అట్లాగే యాదికుందన్నాడు. ఉప్పు సహా.

ఒక్క మాట మిగిలింది. అది నేను పెద్దులుకు చెప్పలేదు, సత్తెమ్మకు కూడా చెప్పలేదు. మూట భుజాన వేసుకుని గడప దాటబోతూ నేను వెనక్కి తిరిగాను. అమ్మ మంచం మీద నుంచి చెయ్యి ఊపింది. "నా ఫికర్ జెయ్యకు బిడ్డా, నువ్ పో" అన్నది. ఆమె చేతి మట్టిగాజు కిటికీ వెలుగులో మెరిసింది. ఇది నాకు చాలా స్పష్టంగా గుర్తుంది.

మోట కొట్టింది కూడా ఇంత స్పష్టంగానే గుర్తుండేది.